జోబ్ తాత ఇంట్లో లేడు

మా హంఫ్రీ డాబినీ దొరగారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఊళ్ళో ఎవరైనా చనిపోయారంటే ఒప్పుకునేవారు కాదు.

మిగతా విషయాల్లో ఆయన అందరిలాంటి మనిషే. పొద్దున్నే గుర్రమెక్కి పొలాలు చూసుకునేవారు. వాన పడితే దేవుణ్ణి తిట్టేవారు, పడకపోతే నన్ను తిట్టేవారు. మా డార్సెట్ సీమలో వాన పడని రోజులు తక్కువ కనుక, నాకంటే దేవుడే ఎక్కువ తిట్లు తిన్నాడు. కానీ "ఫలానావాడు పోయాడండీ" అన్నామా, ముఖం అదోలా పెట్టి, "ఎవరు చెప్పారు?" అని అడిగేవారు.

నా పేరు ఎనాక్ టప్పర్. నెదర్‌కూంబ్ దివాణంలో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేశాను. చావుకబుర్లు ఆయనకు చేరవేయడం నా ఉద్యోగంలో భాగం. ఇష్టపడి చేశానని మాత్రం అనుకోకండి.

కమ్మరి ఎసావు పోయినప్పుడు నేను వెళ్ళనని మొండికేస్తే, పాదిరిగారే స్వయంగా వచ్చి చెప్పారు.

"ఎవరు చెప్పారు?" అన్నారు దొరగారు.

"ఎవరో చెప్పడమేమిటండీ! నిన్న నేనే దగ్గరుండి పాతిపెట్టించాను."

"తొందరపడ్డారు."

"మూడు రోజులు ఆగామండీ."

"నా గుర్రానికి నాడా కొట్టడానికి వాడు నెల తిప్పించుకునేవాడు. ఏ పనీ చెప్పిన రోజున చేసి ఎరగడు. అలాంటివాడు మూడు రోజుల్లో చచ్చిపోయాడంటే నేను నమ్మాలా?"

పాదిరిగారు బయటకి వచ్చి, టోపీ దులుపుకుంటూ, "మీ దొరగారికి పిచ్చా, లేకపోతే దేవుడంటే భయం లేదా?" అని అడిగారు. "చెప్పలేనండీ, రెండూ ఉన్నాయేమో" అన్నాను. నేను అబద్ధం ఆడే మనిషిని కాదు.

మా సీమలో ఇళ్ళ పద్ధతి చెప్పకపోతే ఈ జబ్బు ఎంత ఇబ్బందో మీకు తెలియదు. ఇల్లూ, దాని వెనక ఉన్న కాస్త నేలా దొరవి. కౌలుపత్రంలో మూడు పేర్లు రాస్తారు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఊపిరి పీలుస్తున్నంతకాలం ఇల్లు కౌలుదారుది. మూడో ఊపిరి ఆగిన రోజున ఇల్లు దొర చేతికి తిరిగి వస్తుంది. దానితోపాటు దొడ్డిలో ఉన్నవాటిలో మేలైన పశువు కూడా ఆయనదే. ఇది ఎవరో దుర్మార్గుడు నిన్న పెట్టిన పద్ధతి కాదు, ముత్తాతల నాటినుంచీ ఉన్నదే. ఎవరు ఎప్పుడు పోయారో దివాణం దఫ్తరంలో రాసి, దొరగారి చేత సంతకం పెట్టించడం నా పని. ఆయన పెడితే కదా!

దాంతో మా దఫ్తరం ప్రకారం నెదర్‌కూంబ్‌లో నూరేళ్ళు దాటినవాళ్ళు తొమ్మిదిమంది ఉండేవారు. ఊరంతా గాలించి చూస్తే డెబ్భై దాటినవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ దగ్గుతూ ఉండేవారు.

మా అమ్మ పోయినప్పుడూ ఇదే తంతు. వాగు ఒడ్డున ఉన్న మా ఇంటి పత్రంలో ఆవిడదే చివరి పేరు. నేను నిజాయితీపరుణ్ణి. ఈ సంగతి నేను చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పరు. అమ్మని సాగనంపిన మర్నాడే ఆ మాట నా చేత్తో నేనే దఫ్తరంలో రాసి, ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, కలం అందుకుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు.

"మీ అమ్మ పోవడమేమిటోయ్? మొన్ననే చర్చి గుమ్మంలో నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టింది."

"మొన్న కాదండీ, నాలుగు నెలలైంది."

"ఆ చీవాట్లు నాలుగు నెలల కిందటివిలా లేవే. ఇంకా చెవిలో మోగుతున్నాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషితో మాట్లాడే తీరు ఇదేనా? మూడు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన గమనించనేలేదు. తరవాత వంటమనిషిని అడిగితే, నేను మామూలు రోజుల్లోనూ అలాగే ఉంటానని చెప్పింది.

ఇంకో వింత ఉంది. ఎవరు పోయినా, వారం తిరక్కుండా దొరగారు డార్చెస్టర్ వెళ్ళేవారు, ముక్కుపొడుం కొనడానికి. పదకొండు మైళ్ళు, మోకాలిలోతు బురద. పోనీ ఆయనకి పొడుం అలవాటుందా అంటే, చిటికెడు పీలిస్తే పంతొమ్మిది తుమ్ములు తుమ్మేవారు. తెచ్చిన పొట్లాన్ని తీసుకెళ్ళి తన గదిలో ఉన్న పెద్ద పెట్టెలో పడేసి తాళం వేసేవారు. ఇంట్లో పొడుం గుట్టలు పడిందిగాని, పీల్చే ముక్కు లేదు.

ఇక అసలు కథ జోబ్ తాతది.

వాగు ఒడ్డున ఉన్న ఇంట్లో టామ్సిన్ వీక్స్ అనే పిల్ల ఉండేది. గుండీలు కుట్టి బతికేది. ఆ ఇంటి పత్రంలో మూడు పేర్లు ఉండేవి. వాటిలో ఆమె మొగుడినీ, మామనీ ఒకే చలికాలంలో మశూచి పట్టుకుపోయింది. మిగిలింది మొగుడి తాత జోబ్. ఎనభై ఆరేళ్ళు, పళ్ళు లేవు, వినపడదు. టామ్సిన్‌కీ, ఆమె ముగ్గురు ఆడపిల్లలకీ, ఒక్క ఆవుకీ నెత్తిమీద కప్పు ఆ ముసలాయన ఊపిరే. అందుకని ఆయన్ని కోడిగుడ్డులా చూసుకునేది. ఉన్న ఒక్క మంచి దుప్పటీ ఆయనకే, పాలమీద మీగడా ఆయనకే. ఎప్పుడు ఆ ఇంటి ముందునుంచి వెళ్ళినా ఒకటే మాట వినిపించేది: "తాతా, ఆ తలుపు దగ్గర కూర్చోకు, చలిగాలి!"

"ఏమే టామ్సిన్, తాతని మేపుతున్నావా?" అని ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు.

"మేపనూ మరి? ఆయన తుమ్మితే మా ఇంటి గోడలు కదులుతాయి" అనేది.

ఎంత మేపినా ఎనభై ఆరేళ్ళు ఎనభై ఆరేళ్ళే. పదిహేడు వందల అరవై మూడు, ఫిబ్రవరి నెల, ఒక గురువారం పొద్దున తాత పోయాడు. ఆ రోజు పడిన వాన నేను మళ్ళీ చూడలేదు. మధ్యాహ్నానికి టామ్సిన్ తడిసి ముద్దై దివాణం గుమ్మంలో నిలబడింది. చేతిలో పలుపు, పలుపు చివర ఆవు. పద్ధతి ప్రకారం ఇవ్వవలసినదాన్ని ఎవరూ అడక్కముందే తెచ్చేసింది.

"తాత పోయాడు దొరా. ఆవుని తెచ్చాను. ఇల్లెప్పుడు ఖాళీ చెయ్యాలో చెబితే, పిల్లల్ని తీసుకుని..." అని ఆగిపోయింది.

నేను కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడ్డాను. ఇలాంటప్పుడు చూడడానికి కిటికీ ఒకటి ఉండాలి.

"ఎవరు చెప్పారు?" అన్నారు దొరగారు.

"నా చేతుల్లోనే పోయాడు దొరా."

"నువ్వు వైద్యురాలివా?"

"కాదు దొరా. గుండీలు కుట్టుకునేదాన్ని."

"గుండీల సంగతైతే నీ మాట వింటాను. చావుల సంగతి నీకేం తెలుసు?"

"కళ్ళు మూశాడు దొరా!"

"జోబ్ కళ్ళు తెరిచిందెప్పుడు? ఇరవయ్యేళ్ళుగా పాదిరిగారి ప్రసంగం మొదలుకాగానే మూసేవాడు."

"ఒళ్ళు చల్లబడిపోయింది."

"ఫిబ్రవరి నెల. నా ఒళ్ళూ చల్లగానే ఉంది. టప్పర్, నీ ఒళ్ళెలా ఉంది?"

"చల్లగానే ఉందండీ" అన్నాను. నిజం అదే మరి.

"విన్నావా? మేం పోయామా? ఆ ఆవుని వానలో ఎందుకే తడుపుతున్నావు? ఇంటికి తోలుకెళ్ళు. జోబ్‌కి మీగడ లేకపోతే ముద్ద దిగదు."

టామ్సిన్ ఆయన వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి చేసింది. తరవాత ఆవుని తోలుకుని వెళ్ళిపోయింది.

శనివారం జోబ్‌ని పాతిపెట్టాం. దొరగారు వచ్చి, టోపీ తీసి, వానలో నిలబడ్డారు.

"ఎవరిదోయ్ ఇది?" అని నా చెవిలో అడిగారు.

"జోబ్ వీక్స్‌దండీ."

"కాదు. పెట్టె పొట్టిగా ఉంది."

అయినా అందరికంటే ముందు పిడికెడు మట్టి వేసింది ఆయనే, అందరూ వెళ్ళాక చివరిదాకా నిలబడిందీ ఆయనే. ముఖమంతా తడిగా ఉంది. నేను చూస్తున్నానని గమనించి, "దిక్కుమాలిన వాన" అన్నారు. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎప్పటినుంచో ఉన్న కోపం కాస్త తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

మంగళవారం డార్చెస్టర్ వెళ్ళారు, పొడుం కోసం. పొడుంతోపాటు మడతపెట్టిన కాగితం ఒకటి తెచ్చి, టామ్సిన్‌ని పిలిపించారు.

"జోబ్ పోలేదని నువ్వు ఒప్పుకుంటున్నట్టు కాగితం. ఇక్కడ గుర్తు పెట్టు" అన్నారు.

"పోయాడు కదా దొరా?"

"మళ్ళీ అదే మాట! పెట్టవే."

పెట్టింది. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. ప్రతి చావుకీ ఇలాంటి కాగితం ఒకటి ఉండేది, ప్రతిదానికీ నేనే సాక్షిని. చచ్చినవాడు బతికున్నాడని రాసిన కాగితం చదివితే ఆ పాపం నా కళ్ళకి చుట్టుకుంటుందని, ఎప్పుడూ మడత విప్పేవాణ్ణి కాదు. అడుగున కనిపించే నాలుగంగుళాల చోట నా పేరు గీకి, మనసులో ఒక ప్రార్థన చెప్పుకుని, కలం కింద పెట్టేవాణ్ణి.

ఆనాటినుంచీ ప్రతి ఆదివారం చర్చి బయట ఒకటే సంభాషణ.

"జోబ్ ఎలా ఉన్నాడే?"

"అలాగే ఉన్నాడు దొరా. కదలడం లేదు."

"మంచిది. ఆ వయసులో కదలకూడదు."

ఊరంతా నవ్వేది. అయితే ఆ నవ్వు కింద ఒక భయం ఉండేది. దొరగారికి పిల్లల్లేరు. ఆయన తరవాత ఎస్టేటంతా తమ్ముడి కొడుకు సెప్టిమస్‌ది. ఆ సెప్టిమస్‌కి ఇలాంటి జబ్బేమీ లేదని అందరికీ తెలుసు.

ఆ ఏడు వేసవిలో సెప్టిమస్ బాత్ నగరం నుంచి వచ్చాడు. చంకలో చుట్టిన పటం ఒకటి. బల్లమీద పరిచి చూపించాడు.

"వాగు ఒడ్డున ఉన్న ఈ పన్నెండు ఇళ్ళూ తీసేస్తే, ఇక్కడ సరస్సు తవ్వించొచ్చు పెదనాన్నా. మధ్యలో దీవి, దీవి మీద ఒక శిథిలం."

"శిథిలం ఎక్కడ దొరుకుతుందిరా?"

"కట్టిస్తాను."

"కొత్తగానా?"

"ఇప్పుడంతా అదే వాడుక పెదనాన్నా. పెద్దవాళ్ళందరి తోటల్లోనూ ఉంది."

"శ్రమెందుకురా, నేను లేనా? ఆ దీవి మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టు."

సెప్టిమస్ నవ్వలేదు. దఫ్తరం తెప్పించుకుని పేజీలు తిప్పాడు. ఆ పన్నెండు ఇళ్ళ పేర్లలో ఒక్కొక్కరి వయసూ చూసి కనుబొమలు ముడిచాడు. జోబ్ పేరు దగ్గర వేలు ఆపాడు.

"ఈ జోబ్ వీక్స్‌ని నేనొకసారి చూడాలి."

"ఇంట్లో లేడు" అన్నారు దొరగారు.

"ఎక్కడికి వెళ్ళాడు?"

"దగ్గరికే. చర్చి వెనక్కి."

"ఎప్పుడొస్తాడు?"

"నాతో చెప్పలేదురా. తప్పకుండా లేస్తాడని మాత్రం పాదిరిగారు ప్రతి ఆదివారం చెబుతున్నారు."

సెప్టిమస్ పటం చుట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర నన్ను ఆపి, నెమ్మదిగా, "పెదనాన్నగారు ఉన్నంతకాలం ఈ నాటకం సాగనివ్వండి టప్పర్. తరవాత ఈ చచ్చినవాళ్ళందరినీ ఒకేసారి నేను చంపుతాను" అన్నాడు. గుండీల బుట్ట పట్టుకుని పెరట్లోంచి వస్తున్న టామ్సిన్ ఆ మాట విన్నది. ఆ తరవాత చాలా రోజులు ఆమె నవ్వడం నేను చూడలేదు.

రెండేళ్ళు గడిచాయి. నవంబరులో దొరగారు మంచం పట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు వైద్యుడు. టామ్సిన్ రోజూ ఆ ఆవు పాలు తెచ్చి, మంచం పక్కన కూర్చుని చెంచాతో తాగించేది. ఒకరోజు ఆమె వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"టప్పర్, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న నన్ను ఒక ఇంటికి పంపాడు. మీ తాత పోయాడా అని అడిగి రమ్మన్నాడు. అడిగాను. పోయాడు బాబూ అంది ఆ ఇంటావిడ. ఆ ఒక్క మాటే. సాయంత్రానికి వాళ్ళ కుండలూ గిన్నెలూ వానలో ఉన్నాయి. చంటిపిల్ల కూడా ఉంది."

ఏదో జ్వరం మాట అనుకున్నాను. నా బుర్ర ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా నడుస్తుంది.

"సెప్టిమస్ వచ్చి కౌలుదార్లని హాల్లోకి పిలుస్తాడు. ఆ రోజున వాడికి కాస్త పొడుం ఇవ్వు" అని, దిండు కిందనుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"ఆయనకి పొడుం అలవాటు లేదండీ."

"నాకు మాత్రం ఉందా?" అని నవ్వబోయి దగ్గారు.

మర్నాడు మధ్యాహ్నం వైద్యుడు గదిలోంచి మేమందరం ఉన్న వంటింట్లోకి వచ్చి, తల అడ్డంగా ఊపి, "పోయారు" అన్నాడు.

నేను అనాలనుకుని అనలేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"ఎవరు చెప్పారు?"

వంటమనిషి వంటగుడ్డలో ముఖం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

అంత్యక్రియలైన నాలుగోనాడు సెప్టిమస్ కౌలుదార్లని హాల్లోకి పిలిచాడు. బయట మామూలుగానే వాన. పన్నెండు ఇళ్ళవాళ్ళూ గోడవారగా నిలబడ్డారు, టోపీలు చేతుల్లో పెట్టుకుని. టామ్సిన్ తన ముగ్గురు పిల్లల్నీ దగ్గరకి పొదువుకుని నిలబడింది. డార్చెస్టర్ నుంచి వచ్చిన వకీలు క్రంప్లర్‌గారు ఒక మూల కూర్చుని తన బూట్ల వంకే చూస్తున్నారు. సెప్టిమస్ తెరిచిన తలుపు పక్కన కుర్చీ వేసుకుని, దఫ్తరం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ పత్రాల్లో ఉన్న పేర్లన్నీ చూశాను. ఒక్కడూ బతికి లేడు. వసంతానికల్లా ఇళ్ళు ఖాళీ చెయ్యాలి."

నేను పెట్టె మోయించుకుని వచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఏమిటిది?"

"పొడుమండీ. పెద్ద దొరగారు తమకి ఇవ్వమన్నారు."

మూత తీశాను. పన్నెండు పొట్లాలు. ఒక్కొక్క పొట్లానికి దారంతో కట్టిన కాగితం ఒకటి. అవి కనబడగానే క్రంప్లర్‌గారు బూట్ల మీదనుంచి చూపు తీసి, ఇంతకాలం దీనికోసమే కూర్చున్నట్టు లేచి వచ్చారు. మొదటి కాగితం మడత విప్పి చదివారు. అది జోబ్ పోలేదని రాసిన కాగితం కాదు. వాగు ఒడ్డున ఉన్న ఇంటికి టామ్సిన్ వీక్స్ పేర కొత్త కౌలుపత్రం. ఇందులో మూడు పేర్లు లేవు, ఒక్కటే పేరు ఉంది. ఆ ఒక్కరూ బతికి ఉన్నంతకాలం ఇల్లు ఆమెది.

"ఎవరా ఒక్కరు?" అన్నాడు సెప్టిమస్.

"తమరేనండీ" అన్నారు క్రంప్లర్‌గారు. "సెప్టిమస్ డాబినీ. పన్నెండింటిలోనూ తమరి పేరే."

సెప్టిమస్ ఆ కాగితం లాక్కున్నాడు. "ఇవి చెల్లవు! సాక్షి ఎవరు?"

"ఎనాక్ టప్పర్."

"నువ్వా? చదవకుండానే సంతకం పెట్టావా?"

"పెట్టానండీ. చదివితే పాపమనుకున్నాను" అన్నాను.

అన్నిటికంటే అడుగున ఉన్న కాగితం నా ఇంటిది. అందులో నా సంతకం సాక్షి చోట లేదు, కౌలుదారు చోట ఉంది. మా అమ్మ పోయిన వారానికి రాసిన తేదీ. ఆ రోజు ఆయనతో నేను మాట్లాడను కూడా లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

హాల్లో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అందరికంటే ముందు టామ్సిన్‌కి అయింది. ఒక్క ఊపిరి మీద నిలబడ్డ ఇంట్లో ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి కదా. పిల్లల్ని వదిలి, గబగబా సెప్టిమస్ వెనక్కి వెళ్ళి, తలుపు మూసి గడియ పెట్టింది.

"అక్కడ కూర్చోకండి దొరా" అంది. "చలిగాలి."

తరవాతి సంగతి ఏం చెప్పను? సెప్టిమస్ దొర ఒక నెల అరిచారు, ఒక నెల అలిగారు. ఆయన పొగరుబోతు గుర్రమెక్కితే పన్నెండు ఇళ్ళవాళ్ళు దారికి అడ్డం నిలబడ్డారు. వానలో బయటకి వస్తే గొడుగులు పట్టుకుని వెంటపడ్డారు. ఆయన ఇంట్లో వాళ్ళు అల్లి ఇచ్చిన మేజోళ్ళు గుట్టలు పడ్డాయి. చర్చిలో ఒకసారి ఆయన తుమ్మితే జనమంతా లేచి నిలబడ్డారు, పాదిరిగారు ప్రసంగం ఆపేశారు. బాత్ నగరంలో ఆయన తిన్నారో లేదో అడిగినవాళ్ళు ఎవరూ లేరట. ఈ మాట ఆయనే నాతో అన్నారు, మీగడ తింటూ. ఇప్పుడు ఆయనకి యాభై దాటాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. సరస్సు పటం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మొన్న ఆదివారం చర్చి బయట ఆయన టామ్సిన్ దగ్గర ఆగారు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "జోబ్ ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

"అలాగే ఉన్నాడు దొరా" అంది టామ్సిన్. "ముందు మీరు మెడకి ఆ గుడ్డ సరిగ్గా చుట్టుకోండి."